తొమ్మిదో సున్నా

నేను లాకప్‌లో అడుగు పెట్టేసరికి మధ్యాహ్నం రెండూ పది. బక్కోడి కుడిచేతి చూపుడువేలూ మధ్యవేలూ అప్పటికే విరిగి ఉన్నాయి. ఉంగరంవేలు కానిస్టేబుల్ గుప్పిట్లో ఉంది.

"నేరం ఒప్పుకున్నాక కూడా ఇదెందుకు?" అని అడిగాను.

"ఒప్పుకున్నాడు గానీ సుత్తి చూపించట్లేదు," అన్నాడు ఇన్‌స్పెక్టర్ గోడకి జారబడి. "నీళ్ళలో పారేశానంటాడు. ఇద్దరు ఈతగాళ్ళు పొద్దుటినుంచీ బురద మింగి పైకొస్తున్నారు. ఒప్పుకోలు వేరు, సాక్ష్యం వేరు. ఏడో క్లాసులో చదువు మానేసినా ఆ మాత్రం తెలియాలి డిటెక్టివ్ గారూ."

నా చదువు ఏడో క్లాసు దగ్గర ఆగిన మాట నిజమే. అతని తెలివీ అక్కడే ఆగింది. కాకపోతే అతనికి డిగ్రీ ఉంది.

జరిగింది చెప్పుకోవాలంటే నాలుగు ముక్కలు. నిన్న ఒంటిగంటా ఐదుకి పడవల మరమ్మతు యార్డులో, ఒక పాత బోటు డెక్ మీద, ఫైబర్ మేస్త్రీ శవమై దొరికాడు. తల వెనక నాలుగు సుత్తిదెబ్బలు. మొదటిదానికే ప్రాణం పోయిందని డాక్టర్ రాశాడు. మిగతా మూడూ ఎవరి కసి తీరడానికో. బక్కోడు మేస్త్రీకి సొంత తమ్ముడు, ఆయన దగ్గరే పని. శవాన్ని మొదట చూసిందీ వాడే. పదకొండింటికి అన్న వాణ్ణి అందరూ చూస్తుండగా చెంప పగలగొట్టాడు. పదకొండూ ఇరవైకి వాడు గేటు దాటినట్టు, పన్నెండూ యాభైకి తిరిగొచ్చినట్టు వాచ్‌మన్ పుస్తకంలో ఉంది. చెంపదెబ్బకి పదకొండుంబావుకి సుత్తితో బదులు తీర్చుకుని బయటికి జారుకున్నాడని ఇన్‌స్పెక్టర్ వాదన. ఈ సాయంత్రం ఐదింటికి ఆ ఒప్పుకోలు కాగితంతో వాణ్ణి మేజిస్ట్రేట్ ముందు నిలబెడతాడు. ఆ కాగితంతో లోపలికెళ్ళినవాడు జుట్టు నెరిశాకే బయటికొస్తాడు.

నన్ను పెట్టుకున్నది మేస్త్రీ భార్య. చచ్చినవాడి పెళ్ళాం చంపినవాడి తరఫున డిటెక్టివ్‌ని పెట్టిందని స్టేషనంతా నవ్వింది. బక్కోడికి ఆరేళ్ళప్పుడు ఆవిడ ఆ ఇంటికి కోడలై వచ్చింది. తల్లిలేని పిల్లాడికి అన్నం కలిపి పెట్టిందీ, జ్వరమొస్తే పక్కన కూర్చుందీ ఆవిడే. నవ్వేవాళ్ళకి ఇరవయ్యేళ్ళ లెక్కలు తెలియవు.

కానిస్టేబుల్‌ని వేలు వదలమన్నాను. ఇన్‌స్పెక్టర్ కళ్ళతో సరేనన్నాక వదిలాడు. బక్కోడికి నీళ్ళు తాగించి, అన్న ఎందుకు కొట్టాడని అడిగాను. రెజిన్ జిగురు గట్టిపడటానికి కలిపే హార్డనర్ ఎక్కువ పోశాడనట. నిజంగా పోశావా అంటే తల అడ్డంగా ఊపాడు. రోజూ పోసేంతే పోశాడు.

"మరి?"

"అన్న పొద్దుటినుంచీ డెక్ మీద సుత్తితో కొడుతూ వింటున్నాడు సార్. ముందువైపు ఒకచోట ఆగిపోయాడు. అక్కడ కోసి, పైపొర లేపి, లోపలికి చాలాసేపు చూశాడు. తర్వాత లేచొచ్చి నన్ను కొట్టాడు. ఒంటిగంట దాకా ఈ ఛాయలకి రావద్దు, బయటికి పోయి తిను అన్నాడు." విరిగిన వేళ్ళని ఒళ్ళోకి తీసుకున్నాడు. "అన్న చెయ్యి వణికింది సార్. కోపమొచ్చిన చెయ్యి అలా ఉండదు. అన్నచేతి దెబ్బలు నాకు తెలుసు."

అంటే మేస్త్రీ తమ్ముణ్ణి కావాలనే తరిమేశాడు. ఆ చోట ఎవరితోనో తేల్చుకోవాల్సిన మాట ఉంది. అది తమ్ముడి చెవిన పడకూడదనుకున్నాడు. ఎవరితో అంటే బక్కోడికి తెలియదు. మూడో వేలు విరిచినా తెలియదు.

నేను ఇన్‌స్పెక్టర్ వైపు తిరిగాను. "నిన్న పదకొండుంబావుకి ఆటు. నీళ్ళు గట్టుకి వంద గజాలు వెనక్కి పోయి ఉంటాయి. ఆ వేళకి సుత్తి విసిరితే బురదలో పడాలి. బురద మీద సుత్తి కాకికి కూడా కనిపిస్తుంది. గేటు దగ్గరేమో వాచ్‌మన్ జేబులు తడమకుండా ఎవరినీ వదలడు. ఒక్క రాగిముక్క బయటికి పోకూడదని యార్డు రూలు. అంటే సుత్తి ఇంకా యార్డులోనే ఉంది. మీవాళ్ళు వేలు విరిస్తే అది నడిచిరాదు."

అతను గడియారం చూసుకున్నాడు. టోపీ అందుకుని తలకి పెట్టుకున్నాడు.

"ఐదింటిదాకా టైమిస్తా. నేనూ వస్తా. నువ్వు మట్టికరవడం కళ్ళారా చూడాలని ఎన్నాళ్ళనుంచో ఉంది. ఐదు దాటితే వీడికి ఇంకా ఎనిమిది వేళ్ళున్నాయి."

*

యార్డు గేటు దగ్గరికి మూడింటికి చేరాం. మేస్త్రీ భార్య అక్కడే ఎండలో నిలబడి ఉంది. ఆవిడ తలమీద గొడుగు పట్టుకుని పక్కన బాబాయ్ ఉన్నాడు.

బాబాయ్ అంటే యార్డు ఫోర్‌మన్. అరవై ఏడేళ్ళవాడు, ముంజేతులు మాత్రం ముప్పై ఏళ్ళవి. పనివాళ్ళందరికీ బాబాయే. నాకు అంతకంటే ఎక్కువ. పద్నాలుగేళ్ళప్పుడు పుస్తకాలు పారేసి ఆయన వర్క్‌షాప్‌కి పోతే, పని నేర్పి అన్నం పెట్టిన మనిషి. పన్నెండేళ్ళు ఆయన కింద ఫైబర్ పనిలో గ్లాసుదుమ్ము పీల్చాను. ఊపిరితిత్తులు మొరాయించాక డిటెక్టివ్‌నయ్యాను. దగ్గు మాత్రం పాత వృత్తిలోదే.

"ఎండన పడి వచ్చావేంట్రా," అని నా భుజం తట్టి, గొడుగు నావైపు కూడా జరిపాడు.

ఆవిడ చంకలోంచి పాత పేపర్ పొట్లం తీసి నా చేతిలో పెట్టింది. మొన్న సాయంత్రం మేస్త్రీ ఇంటికి తెచ్చి జాగ్రత్తగా దాచమన్నాడట. ఇంకొక్కరోజు ఆగు, నీకో మాట చెబుతాను అన్నాడట. చెప్పకుండానే పోయాడు. విప్పి చూశాను. అరచేయంత ఫైబర్ పొర, దాని అడుగున అంటుకుని నల్లగా కుళ్ళిన చెక్క. మధ్యలో బోల్టు పట్టేంత కంత. పిండితే ఇంకా నీరు కారుతోంది. డెక్ అంచున రెయిలింగ్ బిగించే చోటునుంచి కోసిన ముక్క అది.

ఆ రెయిలింగ్ సంగతి నాకు తెలుసు. రెండేళ్ళ క్రితం ఇదే బోటు గట్టుకి చేరుతుండగా రెయిలింగ్ ఆరు బోల్టులతో సహా ఊడిపోయింది. దాన్ని ఆనుకుని తాడు లాగుతున్న కళాసి బోటుకీ గట్టుకీ మధ్య పడి నలిగిపోయాడు. చెక్క బాగానే ఉంది, మనిషే తాగి ఉన్నాడని యార్డువాళ్ళు విచారణలో తేల్చేశారు. ఆ కళాసి ఈవిడ తమ్ముడు. వక్కపొడి కూడా ముట్టని మనిషి.

"నా తమ్ముణ్ణి ఈ బోటే మింగింది, మొగుణ్ణీ ఈ బోటే మింగింది," అందావిడ. గొంతులో తడి లేదు, అది ఎప్పుడో ఇంకిపోయింది. "మరిదినైనా మిగల్చన్నా."

పొట్లం ఆవిడకే తిరిగిచ్చి, భద్రంగా పెట్టుకోమన్నాను. అక్కడే ఉండమన్నాను. ఇవాళ నేను చేసిన తప్పుల్లో ఇదే పెద్దది. అప్పటికి అది నాకు తప్పని తోచలేదు.

*

పాత బోటు ఒడ్డుమీద దిమ్మెల మీద నిలబెట్టి ఉంది. దుమ్ము బయటికి పోకుండా చుట్టూ ప్లాస్టిక్ పట్టాలతో గుడారంలా కట్టారు. లోపల ఏం జరిగినా బయటివాడికి నీడ తప్ప కనిపించదు. పక్క షెడ్డులో నాలుగు గ్రైండర్లు తిరుగుతుంటాయి కాబట్టి కేక కూడా వినిపించదు. పన్నెండు నుంచి ఒంటిగంటదాకా అందరూ భోజనాల షెడ్డులో ఉంటారు. మనిషిని చంపడానికి ఇంతకంటే వసతి ఉండదు.

ఎనిమిదడుగుల నిచ్చెనెక్కి డెక్ మీద కాలు పెట్టాను. మెత్తగా దిగింది. తడిసిన పరుపు మీద నడిచినట్టుంది.

"ఇదేంటి, పడవా దూదిబస్తానా?" అన్నాడు వెనకే ఎక్కిన ఇన్‌స్పెక్టర్.

చెప్పాను. పైన ఒక ఫైబర్ పొర, కింద ఇంకో పొర, మధ్యలో బెండులాంటి తేలిక చెక్క. మూడూ అంటుకుని ఉన్నంతకాలం ఏనుగు నడిచినా కదలదు. బోల్టుల కంతల్లోంచి నీరు దిగితే చెక్క కుళ్ళుతుంది, పొరలు విడిపోతాయి. పైకి తెల్లగా మెరుస్తూనే ఉంటుంది, లోపల ఏమీ ఉండదు. చాలామంది పెద్దమనుషుల్లాగే. విడిపోయిన చోటు కంటికి కనపడదు, చెవికి వినపడుతుంది. సుత్తితో తట్టుకుంటూ పోవాలి. బాగున్నచోట టక్కుమంటుంది, విడిపోయినచోట డబ్బుమంటుంది. డబ్బుమన్న మేర సుద్దముక్కతో సున్నా చుట్టి, లోపల నంబరేసుకుంటారు. తర్వాత ఒక్కో సున్నా దగ్గరా పైపొర కోసి, కుళ్ళిన చెక్క తవ్వి, ఆరబెట్టి, కొత్త చెక్క అతికి, పైన రెజిన్‌తో తడిపిన గ్లాసుబట్ట పొరలు పరుస్తారు.

మేస్త్రీ సున్నాలు వరసగా ఉన్నాయి. ఒకటీ రెండూ పూడ్చేసి నునుపు చేశాడు. మూడు నుంచీ ఇంకా తెరవలేదు. ఎనిమిదో నంబర్ పక్కన రక్తపు మడుగు నల్లగా ఎండిపోయి ఉంది. నేను నంబర్లు చదువుకుంటూ ముందుకెళ్ళాను. ఆరు, ఏడు, ఎనిమిది. తర్వాత పది.

మళ్ళీ వెనక్కొచ్చి చదివాను. ఎనిమిదికీ పదికీ మధ్య సున్నా లేదు. పళ్ళెమంత తెల్లటి అతుకు ఉంది, రంగు వేసి ముగించినట్టు. పక్కన మూడు నుంచి ఎనిమిది దాకా ముట్టుకోని మేస్త్రీ తొమ్మిదిని ముందే ఎందుకు పూడ్చాడు?

"పొద్దున్నే పూడ్చి ఉంటాడు," అన్నాడు ఇన్‌స్పెక్టర్, బూటు దానిమీద ఆనించి. కాలెత్తబోతే బూటు అంటుకుంది. లాగితే చిరుగుతున్న చప్పుడైంది.

గాలి తగిలితే పైపూత జిగురు వదలదు. మేస్త్రీ దాన్లో మైనం కలుపుతాడు, అందుకే ఒకటీ రెండూ అద్దంలా ఆరాయి. ఇది ఇరవై ఏడు గంటలైనా జిగురుగానే ఉంది. వేసినవాడు మైనం కలిపేంత తీరిగ్గా లేడు. నేను సుత్తి అడిగి తీసుకుని తట్టాను. టక్కూ కాదు, డబ్బూ కాదు. పీపాలో రాయి కదిలినట్టు వినిపించింది.

గ్రైండర్ కావాలన్నాను. కింద నిలబడి ఉన్న బాబాయ్ స్వయంగా ఎత్తి అందించాడు. వైరు పొట్టిదైతే, పొడుగు వైరు తెస్తానని వెళ్ళాడు. పది నిమిషాలు పట్టింది. ఆ పది నిమిషాలూ ఇన్‌స్పెక్టర్ నా చదువు గురించి, నా దగ్గు గురించి, హత్యాస్థలాన్ని చెక్కేస్తే నామీద పెట్టబోయే కేసు గురించి వివరంగా చెప్పాడు. బాబాయ్ వైరు తగిలించి పైకెక్కి, నా మూతికి మాస్క్ ఆయనే కట్టాడు. పద్నాలుగో ఏట కట్టినట్టే, చెవి వెనక రెండు ముళ్ళు.

తెల్లపూత లేచిపోయింది. కింద రెజిన్ గోధుమరంగులో మాడి, సన్నటి బీటలు వారి ఉంది. హార్డనర్ రెండింతలు పోసి త్వరగా గట్టిపడేలా చేశారు. ఇంకొంచెం చెక్కాను. రెజిన్ తాగిన గ్లాసుబట్ట గాజులా పారదర్శకంగా ఉంటుంది. దాని అడుగున, పాత డెక్ మీద, మూడు చుక్కలు. పూసగింజల్లా ఎర్రగా, అంచులు కూడా చెదరకుండా ఉన్నాయి.

ఇన్‌స్పెక్టర్ని వంగి చూడమన్నాను. వంగాడు. చాలాసేపు లేవలేదు.

"రక్తం బట్టమీద పడలేదు. రక్తం మీద బట్ట పరిచారు," అన్నాను. "చెక్క అతకాలి, పొరలు పరవాలి, పూత వెయ్యాలి. ఎంత హార్డనర్ పోసినా గంటకి తక్కువ కాదు. మేస్త్రీ మొదటి దెబ్బకే పోయాడు. మీ ముద్దాయి పదకొండూ ఇరవైకి గేటు బయటున్నాడు. మరి శవం పక్కన కూర్చుని గంటసేపు డెక్ బాగుచేసిందెవరు?"

అతను లేచాడు. టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. ఆ మనిషి నాముందు టోపీ తియ్యడం అదే మొదలు.

నేను అక్కడితో ఆపేసి ఉంటే బాగుండేది. చెయ్యి ఊరుకోలేదు. అతుకంతా చదునుచేసుకుంటూ పోయాను. దుమ్ము ఊది చూశాను.

ఒకటీ రెండూ నంబర్ల దగ్గర మేస్త్రీ అతుకులు చెక్కి చూస్తే ఒకే పలకలా ఉన్నాయి. ఫైబర్ పనిలో నూటికి తొంభై మంది చిన్నముక్క ముందు పరిచి, పైన అంతకంటే పెద్దవి పరుస్తారు. చివరి పెద్దముక్క అన్నిటినీ కప్పేస్తుంది కాబట్టి పైకి ఒకే పలక. తొమ్మిదో సున్నా మీద మాత్రం, నరికిన మానుమీద వయసు గీతలు కనపడ్డట్టు, ఒకదాన్లో ఒకటి మూడు వలయాలు. పెద్దముక్క ముందు, మధ్యది తర్వాత, చిన్నది ఆఖర్న.

పెద్దది పాత డెక్‌ని పట్టుకుంటే చిన్నవి దాని ఒళ్ళో కూర్చుంటాయిరా. కప్పాల్సినదానికి ఇటు నాలుగంగుళాలు, అటు నాలుగంగుళాలు ఎక్కువ కొయ్యి. అప్పుడు నువ్వు పోయినా అతుకు పోదు. ఈ మాటలు నాకు ముప్పై ఏళ్ళుగా కంఠతా వచ్చు.

"ఇలా ఎవరు వేస్తారు?" అన్నాడు ఇన్‌స్పెక్టర్, నా ముఖం చూసి.

"ఒకే వర్క్‌షాప్‌లో ఇలా నేర్పేవాళ్ళు. అది మూతపడి పద్దెనిమిదేళ్ళు. అక్కడివాళ్ళలో ఇంకా బతికున్నది ఇద్దరు. ఒకణ్ణి నేను."

"నిన్న పదకొండున్నరకి నువ్వెక్కడ?"

"నీ స్టేషన్ బెంచీ మీద. పాత కేసులో నువ్వు ఇవ్వాల్సిన కాగితం కోసం. రెండింటిదాకా కూర్చోబెట్టావు."

నేను వెనక్కి తిరగలేదు. బాబాయ్ ఊపిరి నా మెడకి తగులుతోంది. ఉలి పెట్టి అతుకు మధ్యలో రెండు దెబ్బలు వేశాను. మాడిన రెజిన్ పెంకులా విడిపోయింది. కొత్త చెక్క కింద గుంటలో మేస్త్రీ సుత్తి, దాని తలకి అంటుకున్న జుట్టు, ఎండిన తోలు. దానికింద, నిన్న పొద్దున మేస్త్రీ కోసి తీసిన పాత పైపొర. తిప్పి చూశాను. కొత్త పూత వేసినట్టు పైకి నున్నగా ఉంది. అడుగున చెక్క మసిలా నల్లగా ఉంది. కోసిన అంచున పొరల వరస కనిపించింది. అవే మూడు. పెద్దదే ముందు.

రెండేళ్ళ క్రితం ఈ డెక్ కింద చెక్క మార్చానని విచారణలో సంతకం పెట్టినవాడు ఏమీ మార్చలేదు. కుళ్ళు మీద మూతవేశాడు. ఆ కుళ్ళులో బిగించిన బోల్టులే కళాసిని చంపాయి. మేస్త్రీ అది తెరిచాడు, మనిషిని పిలిచి చూపించాడు, తన భార్య తమ్ముడికి న్యాయం అడిగాడు. నాలుగు దెబ్బలు సమాధానం వచ్చింది.

"తెలుసురా," అన్నాడు బాబాయ్ నా వెనకనుంచి. కోపం లేదు గొంతులో. పని చెడిపోయినప్పుడు మాట్లాడే గొంతు అది. "పరుస్తున్నప్పుడే తెలుసు. చిన్నది ముందు వెయ్యాలనే అనుకున్నా. చెయ్యి వినలేదు."

ఇన్‌స్పెక్టర్ చెయ్యి నడుముకి పోయింది. తుపాకి బయటికొచ్చేలోపు బాబాయ్ జేబులోంచి సీసా తీసి అతని ముఖం మీద చిమ్మాడు. హార్డనర్ నీళ్ళలాగే ఉంటుంది, కంట్లో పడేదాకా. ఇన్‌స్పెక్టర్ అరవలేదు. గొంతులోంచి గాలి మాత్రం వచ్చింది. గుడ్డిగా రెండుసార్లు పేల్చాడు. ఒకటి గుడారం చీల్చుకుపోయింది, రెండోది నా చెవి పక్కనుంచి. నేను బాబాయ్ నడుం పట్టుకున్నాను. ఆయన గ్రైండర్ మీట నొక్కి నా ముంజేతి మీద ఆనించాడు. తోలు, మాంసం, ఆ తర్వాత ఎముక వాసన. చెయ్యి వదిలేసింది. మోకాలితో నా గడ్డం మీద ఒకటిచ్చి, నిచ్చెన దిగి, దాన్ని కిందికి లాగేశాడు.

"వెంటపడతావో, వాడి కళ్ళు కడుగుతావో చూసుకో," అన్నాడు కిందనుంచి. "పదిలోపు నీళ్ళు. గుర్తుందిగా?"

గుర్తుంది. హార్డనర్ కంట్లో పడితే పది లెక్కపెట్టేలోపు నీళ్ళు తగలాలి, లేకపోతే చూపు మర్చిపోవడమే. నేర్పింది ఆయనే. అతుకు సంగతి ఇద్దరమే చూశాం. ఐదింటికి ఒప్పుకోలు వెనక్కి తీసుకోగలిగినవాడు ఒక్కడే, వాడు నా కాళ్ళ దగ్గర కళ్ళు పిడికిళ్ళతో రుద్దుకుంటూ దొర్లుతున్నాడు.

ఇన్‌స్పెక్టర్ చొక్కా పట్టుకుని ఎనిమిదడుగుల ఎత్తునుంచి ఇద్దరం కలిసి దూకాం. అతని చీలమండ విరిగిన చప్పుడు నాకు వినిపించింది. నీళ్ళ పీపా ఆరు గజాల దూరంలో ఉంది. ఈడ్చుకెళ్ళి తల ముంచాను, రెప్పలు వేళ్ళతో విప్పి పట్టుకున్నాను. నా చేతి రక్తంతో పీపా ఎర్రబడింది. బక్కోడి వేళ్ళు విరిపించినవాడి కళ్ళు నేను కడుగుతున్నాను. నాకు ఏడో క్లాసు చాలనిపించింది. అంతకంటే చదివితే ఇలాంటివి అర్థం చేసుకోవాల్సి వస్తుంది.

నాలుగూ ముప్పై ఐదుకి అతను తల పైకెత్తి ఫోన్ అడిగాడు. నంబర్ నేను నొక్కాను.

"ఆ కాగితం చించెయ్," అన్నాడు అవతలివాడితో, పళ్ళు బిగించి. "వాణ్ణి మేజిస్ట్రేట్ దగ్గరికి కాదు, ఆస్పత్రికి తీసుకెళ్ళు. ఎముకల డాక్టర్ దగ్గరికి. నేను చెప్పానని చెప్పు." ఫోన్ నా చేతికిచ్చాడు. "ఎడమ కంట్లో వెలుతురు తెలుస్తోంది. కుడిది లేదు."

ఆవిడకి ఈ మాట చెప్పాలి. మరిది మిగిలాడని చెప్పాలి. చేతికి చొక్కా చింపి చుట్టుకుని గేటుకి పరిగెత్తాను. గేటు దగ్గర ఆవిడ లేదు. గొడుగు గోడకి ఆనించి ఉంది.

వాచ్‌మన్ లేచి నిలబడ్డాడు. బాబాయ్ వ్యాన్లో తీసుకెళ్ళాడన్నాడు. నీ మరిదిని వదిలేస్తున్నారమ్మా, పద తెచ్చుకుందాం అన్నాడట. ఆవిడ ఏడుస్తూ దణ్ణం పెట్టి ఎక్కిందట, పేపర్ పొట్లం ఒళ్ళో పెట్టుకుని.

"వ్యాన్ వెతకలేదా?"

"రూలు రూలే సార్. ఇప్పుడు కాదు, సామాను ఎక్కించినప్పుడే చూసి రాసుకున్నా." పుస్తకం తిప్పి నాకు చూపించాడు.

టైము మూడూ ఇరవై ఐదు. నేను డెక్ మీద పొడుగు వైరు కోసం ఎదురుచూసిన పది నిమిషాలు.

తాడు ఒక చుట్ట. రెజిన్ రెండు డబ్బాలు. గ్లాసుబట్ట, కోసిన ముక్క ఒకటి.

"ఎంత ముక్క?"

"పెద్దదే సార్. కొలిచి రాశాగా. సరిగ్గా ఆరడుగులు."

ఆవిడ ఐదడుగుల నాలుగంగుళాలు ఉంటుంది. మిగిలినవి ఇటు నాలుగు, అటు నాలుగు.